పక్కవాద్యం

ఈ మధ్య గుడిలో కలిసిన తల్లుల్లో ఇద్దరికొకరు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మీ అమ్మాయి కాలేజీ అప్లికేషన్‌తో పాటు మృదంగం రికార్డింగ్ పంపిందట కదా, ఎలా పంపారండీ? ఏమైనా పనికొచ్చిందా?" అని. ఎలా పంపామో రెండు ముక్కల్లో చెప్పగలను. పనికొచ్చిందా లేదా అన్నది మాత్రం చెప్పులు వేసుకుంటూ చెప్పే సంగతి కాదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మేముండేది డాలస్ దగ్గర. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు, 2015లో, పాట నేర్పిద్దామని ఇక్కడే ఒక క్లాసులో చేర్చాను. నేను విజయనగరం సంగీత కళాశాలలో నాలుగేళ్లు గాత్రం నేర్చుకున్నదాన్ని. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన కాలేజీ అది. పెళ్లయి ఇటు వచ్చాక పాట అటకెక్కింది. నాకు సగంలో ఆగిపోయింది కదా, కూతురికైనా పూర్తిగా వస్తుందని నా ఆశ.

ఆ ఇంట్లోనే పక్క గదిలో మృదంగం క్లాసు జరిగేది. మా పిల్ల నోరు సరళీ స్వరాలు పాడుతుంటే చేతులు మాత్రం గోడ అవతలి 'త ధి తొం నం' వాయిస్తుండేవి. మూడో వారం "అమ్మా, నేను ఆ గదిలో కూచుంటా" అంది. నాకు చిన్నబోయినట్టయింది గానీ సరే అన్నాను. విజయవాడ నుంచి మా అత్తగారు "ఆడపిల్లకి మృదంగమేంటమ్మా, చేతులు బండబారిపోతాయి" అన్నారు. మీ ఊళ్లోనే దండమూడి సుమతీ రామమోహనరావు గారు లేరా అత్తయ్యా అన్నాను. 2021లో ఆవిడకి పద్మశ్రీ వచ్చినప్పుడు పేపర్లో చూసి, పొద్దున్నే ఫోన్ చేసి మనవరాలికి చెప్పింది మా అత్తగారే.

ఐదేళ్లు నేర్పాక ఇక్కడి గురువుగారు ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లిపోయారు. 2020 నుంచి ఇండియాలో ఒక మాస్టారి దగ్గర ఆన్‌లైన్ పాఠాలు. మాకు శనివారం రాత్రి ఎనిమిదంటే ఆయనకి ఆదివారం పొద్దున్న ఆరున్నర. పిల్లల్ని ఆన్‌లైన్లో సంగీతానికి పెట్టిన వాళ్లందరికీ తెలిసిన ఇబ్బందే, ఇటు వాయించింది అటు చేరడానికి కాస్త ఆలస్యం. ఆ కాస్త చాలు తాళం తప్పడానికి. కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. ఆయన వాయించి ఆపితే ఈమె వాయించాలి. అలా నాలుగేళ్లలో దాని చెయ్యి బాగా తిరిగింది. కానీ పక్కన మనిషి పాడుతుంటే వాయించడమన్నది ఏడాదికోసారి గుడి హాల్లో త్యాగరాజ ఆరాధనప్పుడే. అప్పుడూ నాలుగైదు మృదంగాల మధ్య ఇదొకటి.

ఈ లోటు మాకెవరికీ తెలియలేదు, 2024 సెప్టెంబరు దాకా.

పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఆ నెలలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. కామన్ యాప్ అని ఒకటుంటుంది. పిల్లలు చేసిన పనులన్నీ అందులో పది వరసల్లో రాయాలి. ఒక్కో పనిని వివరించడానికి 150 అక్షరాలే. ఖాళీలూ చుక్కలూ కూడా అందులోనే. తొమ్మిదేళ్ల మృదంగాన్ని మా అమ్మాయి 150 అక్షరాల్లోకి కుదించి నాకు చూపించింది. చదివితే మందు సీసా మీద చీటీలా ఉంది. "ఇంతేనా?" అన్నాను. "ఇంకా చెప్పాలంటే రికార్డింగ్ పంపొచ్చమ్మా" అంది.

తెలియని వాళ్ల కోసం చెబుతాను. సంగీతంలో డిగ్రీ చెయ్యబోయే పిల్లలకి ఆడిషన్లు వేరే ఉంటాయి. మా అమ్మాయి చదవాలనుకున్నది బయాలజీ. ఇలా వేరే చదువు చదివే పిల్లలు కూడా తమ కళ గురించి చెప్పుకోవడానికి కొన్ని యూనివర్సిటీలు అవకాశం ఇస్తాయి. దాన్ని ఆర్ట్స్ సప్లిమెంట్ అంటారు. తప్పనిసరి కాదు. కొన్ని అసలు తీసుకోవు. తీసుకునేవి కూడా, నిజంగా చెప్పుకోదగ్గ స్థాయి ఉంటేనే పంపండి అని రాస్తాయి. ఒక్కో చోట ఒక్కో నియమం కాబట్టి ఏ యూనివర్సిటీ పేజీ ఆ యూనివర్సిటీదే చదువుకోవాలి, పక్కింటి వాళ్లు చెప్పింది విని కాదు. మా అమ్మాయి పంపాలనుకున్న చోట రెండు వేర్వేరు తరహా అంశాలు, మొత్తం పది నిమిషాలు మించకుండా అడిగారు. మధ్యలో కోతలూ అతుకులూ ఉండకూడదు. వాటితో పాటు ఎక్కడ నేర్చుకుందో, ఎక్కడ వాయించిందో ఒక పేజీ, గురువు నుంచి ఒక ఉత్తరం. అప్‌లోడ్ చెయ్యడానికి వేరే సైటు, దానికి కొంత ఫీజు. గడువు నవంబరు 1.

పది నిమిషాలు! మన కచేరీలో రాగం అందుకోవడానికే పట్టే సమయం అది.

ఆ శనివారం క్లాసులో మాస్టారికి చెప్పాం. మా వారు కూడా వచ్చి కూచున్నారు. "తని ఆవర్తనం పది నిమిషాలు దంచేస్తే సరి కదండీ" అన్నారు ఈయన. మాస్టారు నవ్వారు. "తని వాయిస్తే చెయ్యి తెలుస్తుందండీ. పాటకి వాయిస్తేనే చెవి తెలుస్తుంది. మృదంగం పక్కవాద్యం. పక్కన ఎవరూ లేకుండా పంపితే సగమే పంపినట్టు" అన్నారు. ఆది తాళంలో ఐదు నిమిషాల తని ఒకటి, ఒక చిన్న కీర్తనకి వాయించడం ఒకటి, ఇవే రెండు వేర్వేరు తరహాలని ఆయనే తేల్చారు. అక్కడ బయటపడింది, మా పిల్ల పాటకి సరిగా వాయించిందే లేదని.

యూట్యూబ్‌లో ఎవరి పాటో పెట్టుకుని దాంతో పాటు వాయిస్తే పోదా అని మా వారి రెండో సలహా. "రికార్డుకి నువ్వు వాయిస్తావు, అది నీ మాట వినదు కదమ్మా" అన్నారు మాస్టారు, ఈయన్ని వదిలేసి పిల్లతో.

బాగా పాడే స్నేహితురాలొకతె ఒప్పుకుంది. ఆ అమ్మాయిదీ పన్నెండో తరగతే. దసరా అయ్యాక రికార్డు చేద్దామనుకున్నాం. అక్టోబరు రెండో వారంలో ఆ పిల్ల తల్లి ఫోన్ చేసి, తన కూతురికి వ్యాసాలే ఇంకా తెమలలేదనీ, ఏమీ అనుకోవద్దనీ బతిమాలుకుంది. ఏమనుకుంటాం? ఆ ఇంట్లోనూ మా ఇంటి మంటే కదా. ఇంకో ఇద్దరిని అడిగాం. కుదరలేదు.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా అమ్మాయి వంటింటి గట్టుకి ఆనుకుని, "నువ్వు పాడొచ్చు కదమ్మా" అంది.

నేను పగలబడి నవ్వాను. తను నవ్వలేదు.

నేను పాడి ఇరవై ఏళ్లు దాటింది. వరలక్ష్మీ వ్రతానికి మంగళహారతి, పిల్లలు చిన్నప్పుడు జోలపాట, అంతే. దసరా పేరంటాల్లో ఎవరైనా "మీరు నేర్చుకున్నారట కదా, ఒకటి పాడండి" అంటే గొంతు బాగాలేదని తప్పించుకునేదాన్ని. గొంతు బాగాలేకపోవడమంటే జలుబు కాదు, భయం. అలాంటిది, నా గొంతు ఊరూ పేరూ తెలియని వాళ్లెవరో యూనివర్సిటీ ఆఫీసులో కూచుని వింటారంటే! అదీ నా పిల్ల భవిష్యత్తు వాళ్ల చేతిలో ఉన్నప్పుడు!

"నా వల్ల నీ అప్లికేషన్ పాడైతే?" అన్నాను. "వాళ్లు నీకు మార్కులు వెయ్యరమ్మా" అంది. ఆ మాటకి ధైర్యం వచ్చిందో, పౌరుషం వచ్చిందో తెలియదు గానీ ఒప్పుకున్నాను.

మర్నాడే శ్రుతి తగువు మొదలైంది. కాలేజీ రోజుల్లో నాది ఐదున్నర శ్రుతి. ఇప్పుడు నాలుగున్నర దాటితే పై షడ్జం దగ్గర గొంతు చీలుతోంది. దాని మృదంగం ఐదుకి కట్టి ఉంది. మృదంగాన్ని మన ఇష్టం వచ్చినంత దించలేం, ఎక్కించలేం. అర శ్రుతి అయితే పరవాలేదు. పిల్ల కర్రముక్క, రాయి పట్టుకుని అంచు చుట్టూ కింద నుంచి పైకి మెల్లగా తడుతూ, తంబురా యాప్‌కి చెవి ఒగ్గి, గంటసేపు కూచుని నా గొంతుకి తగ్గట్టు దాన్ని దించింది. తర్వాత వంటింట్లోకి వచ్చి బొంబాయి రవ్వ అడిగింది. ఎడమవైపు తొప్పికి రవ్వ తడిపి ముద్ద అద్దుతారు, మంద్రంగా మోగడానికి. తొమ్మిదేళ్లుగా మా ఇంట్లో ఉప్మాకీ మృదంగానికీ ఒకటే డబ్బా. ఎన్నోసార్లు ఇచ్చాను ఆ రవ్వ. నా పాట కోసం ఇవ్వడం అదే మొదటిసారి.

బిలహరి రాగంలో ఒక త్యాగరాజ కీర్తన ఎంచుకున్నాం. ఆది తాళం, నాలుగున్నర నిమిషాల్లో అయిపోయేది, కాలేజీలో నాకు నోటికి వచ్చినది. పాత నోటుబుక్కు అట్ట ఊడిపోయి ఉంది గానీ స్వరం చెక్కుచెదరలేదు. పదిరోజులు పొద్దున్న ఐదింటికి లేచి, గరాజులో కారులో కూచుని పాడుకున్నాను. ఇంట్లో అయితే అందరూ వింటారని.

ఇక రికార్డింగు. టెక్సస్‌లో అక్టోబరు నెలాఖరుకి కూడా ఏసీ ఆపితే చెమటలే. ఏసీ హోరు రికార్డులో వస్తోందని ఆపేశాం. ఫ్రిజ్ హోరు వస్తోందని దాన్నీ ఆపేశాం. సరిగ్గా అప్పుడే పక్కింటి వాళ్ల తోటమాలి ఆకులు ఊదే మిషన్ మొదలుపెట్టాడు. హాల్లో గొంతు గోడలకి కొట్టుకుని తిరిగొస్తోందని కింద రెండు బొంతలు పరిచి, కిటికీలకి దుప్పట్లు కట్టాం. కెమెరాలో పిల్ల ముఖం, రెండు చేతులూ కనబడాలి. నేను పక్కన కనబడితే చాలు. మొదటి టేకు తీసి లాప్‌టాప్‌లో వింటే ఎడమ చెయ్యి అసలు వినబడలేదు, ఒట్టి టకటకలు. కంగారు పడ్డాం. తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తెలిసింది, తప్పు రికార్డుది కాదు, చిన్న స్పీకర్లది. జూమ్‌లో మాస్టారికి వినిపించేటప్పుడు కూడా 'ఒరిజినల్ సౌండ్' అనే మీట నొక్కకపోతే, అది మృదంగం నాదాన్ని అనవసరపు చప్పుడనుకుని తినేస్తుంది. మీ పిల్లలకి పనికొస్తుందని చెబుతున్నాను. ఇంకొకటి, రికార్డింగ్ అయ్యాక ఫ్రిజ్ మళ్లీ ఆన్ చెయ్యడం మర్చిపోకండి. మా ఇంట్లో రెండు నెలలకి తురిమి దాచిన కొబ్బరి ఆ రోజే ఖర్చయింది.

తని రెండో టేకుకే కుదిరింది. చతురశ్ర గతిలో మొదలుపెట్టి, తిశ్రంలోకి వెళ్లి, మోహరా, కోర్వై వాయించి ముమ్మారు ముగింపుతో సమానికి దిగింది. నేను తాళం వేస్తూ కూచున్నాను. చేతులు వణికింది నాకే.

కీర్తన మాత్రం కుదరలేదు. ఎందుకంటే, ఎక్కడ చిన్న అపశ్రుతి పలికినా నేను ఆపేసేదాన్ని. "సారీ, మళ్లీ మొదట్నించి." ఆరుసార్లు అలాగే అయింది. ఆరోసారి పిల్ల మృదంగం మీద రెండు చేతులూ పెట్టి లేచి నుంచుంది.

"ఎందుకు ఆపుతావమ్మా? తప్పు పాడితే పాడు. నువ్వు ఆగిపోతే నేనేం చెయ్యను? నువ్వు పాడితేనే కదా నేను వాయించగలిగేది!"

నాకు కోపం వచ్చింది. "తప్పులతో పంపుతావా? అంతమంది పిల్లల్లో పోటీ పడుతూ?" అన్నాను.

"నాకు చిన్నప్పటి నుంచీ ఇదే. నేను వాయించిందంతా విని, తప్పిన ఒక్క చోటే చెప్తావు."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందేమో ఆలోచించుకోండి. తొమ్మిదేళ్లు శనివారం శనివారం వంటింట్లోంచి విన్నాను దాని వాయిద్యం. నా చెవి ఎప్పుడూ తాళం ఎక్కడ జారిందా అనే చూసింది. మా కాలేజీలో నాకు అలాగే నేర్పారు, నేను దానికి అలాగే విన్నాను. నా గొంతుని కూడా ఇరవై ఏళ్లు అలాగే విని మూసేసుకున్నానేమో.

మంచినీళ్లు తాగి మళ్లీ కూచున్నాం. ఆపనని మాటిచ్చాను. ఆ రోజు రెండు టేకులు పూర్తయ్యాయి.

ఒకదాంట్లో నేను శుభ్రంగా పాడాను. రెండోదాంట్లో అనుపల్లవి ముగించి పల్లవికి వచ్చేటప్పుడు ఊపిరి చాలక ఎత్తుగడ అర అక్షరం ఆలస్యం చేశాను. గుండె జారింది. కానీ ఆపలేదు. అప్పుడు పక్కనుంచి మృదంగం మెల్లగా తగ్గింది. నేను ఎక్కడ అందుకుంటానో చూసి, నేను అందుకున్న చోటే ఒక చిన్న ముక్తాయింపు పెట్టి, అది ముందే అనుకున్నట్టుగా నన్ను తాళంలోకి తెచ్చి కూచోబెట్టింది. అంతా రెండు మూడు క్షణాలు. తల తిప్పి చూస్తే పిల్ల నా నోటివైపే చూస్తోంది, చేతులవైపు కాదు.

నాకు మొదటి టేకే పంపాలని ఉంది. మా వారు "దీని మొదటి సగం, దాని రెండో సగం కలిపేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "నాకు తెలుస్తుంది డాడీ" అంది పిల్ల. రెండూ మాస్టారికి పంపాం. ఆయన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "మొదటిదాంట్లో అమ్మాయి పాఠం అప్పజెప్పిందండీ. రెండోదాంట్లో పక్కవాద్యం వాయించింది. అదే పంపండి" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "మీరు కూడా పాట మానకండి" అన్నారు.

ఆయన రాసిన ఉత్తరం చూసి మళ్లీ గొడవపడబోయాను. 'ఈ అమ్మాయి తిశ్ర గతిలో ఇంకా కొంచెం తొందరపడుతుంది. కానీ పక్కవాళ్లని వింటుంది' అని ఉంది అందులో. ఆ మొదటి వాక్యం తీసేయమని అడుగుదామన్నాను. పిల్ల నావైపు ఒక చూపు చూసింది. ఊరుకున్నాను.

ఫారం నింపడం ఇంకో తమాషా. వాద్యాల జాబితాలో మృదంగం లేదు. 'ఇతర తాళవాద్యాలు' దగ్గర పెట్టాం. స్వరకర్త ఎవరు అని గడి. కీర్తనకి త్యాగరాజు, 1767-1847 అని రాశాం. తనికి ఏం రాయాలి? ముక్కలు మాస్టారివి, వరస తనది, ఆ క్షణానికి తోచినది కొంత. చివరికి అదే రాసింది. విననివాళ్లకి మన సంగీతం గురించి నాలుగు వాక్యాల్లో చెప్పమంటే, మన సంస్కృతి, వేల ఏళ్ల చరిత్ర అని నేను ఎత్తుకున్నాను. అదంతా కొట్టేసి, 'పాడుతున్నది మా అమ్మ. ఇరవై ఏళ్ల తర్వాత పాడుతోంది. మూడో నిమిషంలో ఏం జరిగిందో వినండి' అని రాసింది. నేను వద్దనే లోపలే సేవ్ చేసేసింది.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 31న వచ్చింది. మర్నాడే గడువు. గుమ్మంలో దీపాలు పెట్టి, వచ్చిన నలుగురికీ స్వీట్లు పెట్టి పంపాక, రాత్రి పదకొండింటికి నలుగురం లాప్‌టాప్ చుట్టూ కూచుని ఆ మీట నొక్కాం. మా చిన్నవాడు అప్పుడు కాకరపువ్వొత్తి కాల్చాడు.

ఇప్పుడు రెండో ప్రశ్నకి జవాబు. డిసెంబరులో ఆ యూనివర్సిటీ ఇప్పుడే ఏ సంగతీ చెప్పలేమంది, మార్చి చివర్లో లేదంది. ఆ రికార్డింగ్ ఎవరైనా పూర్తిగా విన్నారో, మూడో నిమిషం దాకా వచ్చారో, మాకెప్పటికీ తెలియదు. పిల్ల చివరికి చేరింది మా రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో. వాళ్లు రికార్డింగ్ అడగనే లేదు.

మార్చిలో ఆ కబురు వచ్చిన రాత్రి అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా గొంతు వల్లే అని నా మనసులో ఒక మూల ఉండనే ఉంది. బయటికి అనలేదు. అయినా అది నా ముఖం చూసి కనిపెట్టినట్టుంది. కన్నీళ్లు తుడుచుకుని, "అమ్మా, తిశ్రంలో తొందరపడ్డది నేను" అంది.

ఆగస్టులో వెళ్తూ వెళ్తూ మృదంగం తీసుకెళ్లింది. అక్కడ మన సంగీతం పాడే పిల్లల గుంపు ఒకటుందట. పాడేవాళ్లు నలుగురు, మృదంగం ఇదొక్కతే. కాబట్టి మంచి గిరాకీ. రవ్వ మాత్రం ఇక్కణ్నుంచే డబ్బాలో పోసిచ్చాను.

ఆదివారాలు వీడియో కాల్ చేస్తుంది. అన్నీ అయ్యాక "పాడు" అంటుంది. పాడతాను. ఫోన్లో తను వాయించడం కుదరదు, అదే పాత ఆలస్యం. కాబట్టి నా తాళం నేనే వేసుకుంటాను, అది ఊరికే వింటుంది. పాట అయ్యాక బాగుంది అంటుంది. తర్వాత ఒక్క క్షణం ఆగి, "కానీ పల్లవి ఎత్తుగడ మళ్లీ అక్కడే ఆలస్యం చేశావు" అంటుంది.

నా కూతురే కదా.